మట్టగిడస: మేడ్చల్, శామీర్‌పేట చెరువుల్లో గాలి పీల్చే చేప

మట్టగిడస దక్కను పీఠభూమి చెరువుల్లోనూ కుంటల్లోనూ వాగు మడుగుల్లోనూ ఉండే చిన్న మంచినీటి చేప. కొర్రమీనుకు దగ్గరి చుట్టం. శాస్త్రీయ నామం చన్నా పంక్టాటా. మామూలుగా దొరికేవి జానెడు పొడవుకు లోపే ఉంటాయి. 30 సెంటీమీటర్ల దాకా పెరిగినవి అరుదు. మొప్పలతోపాటు తలలోని ప్రత్యేక గదులతో నేరుగా గాలి పీల్చుకోవడం, నీళ్లు ఇంకిన చెరువులో తడి బురదను పట్టుకుని కొంతకాలం నిలవడం దీని ముఖ్య లక్షణాలు. హైదరాబాద్‌కు ఉత్తరాన ఉన్న మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతం ఎడారి కాదు. అయినా అక్కడి చిన్న నీటివనరులు ఏటా ఎండాకాలంలో తగ్గి, వేడెక్కి, చాలాచోట్ల పూర్తిగా ఎండిపోతాయి. ఎడారి నీటిగుంటల్లో చేపలకు ఎదురయ్యే చిక్కులే కొన్ని నెలలపాటు ఇక్కడి చేపలకూ ఎదురవుతాయి. నీరు ఉన్న కాలానికే కాక లేని కాలానికి కూడా తగిన శరీరం మట్టగిడసది.

పేర్లు, వర్గీకరణ (చూ. కొర్రమీను)

మట్టగిడసను మట్టగిడిస, మట్ట అని కూడా అంటారు. మట్ట అనే మాట ఈ కుటుంబంలోని ఇతర చేపలకూ వాడుకలో ఉంది. కొర్రమీనుకే కొర్రమట్ట అని మరో పేరు. అందువల్ల బజారులో పేరు విని జాతిని తేల్చడం కుదరదు.

జర్మన్ వైద్యుడు, చేపల శాస్త్రవేత్త మార్కస్ ఎలీజర్ బ్లాక్ 1793లో ఈ జాతిని ఓఫియోసెఫాలస్ పంక్టాటస్ అనే పేరుతో వర్ణించాడు. కొర్రమీనును, అంటే చన్నా స్ట్రయేటాను, వర్ణించినదీ అతడే, అదే ఏడాది. చన్నా అనే ప్రజాతి పేరు అంతకు ముందే, 1777లో, స్కోపోలి పెట్టినది కావడంతో తర్వాతి వర్గీకరణలో అదే నిలిచింది. పాత పాఠ్యపుస్తకాల్లోని ఓఫియోసెఫాలస్, నేటి పుస్తకాల్లోని చన్నా ఒకటే. చన్నిడే కుటుంబంలో ఆసియాకు చెందిన చన్నా, ఆఫ్రికాకు చెందిన పారాచన్నా ప్రజాతులు ఉన్నాయి. 2019లో కేరళ భూగర్భ జలాల నుంచి వర్ణించిన ఈనిగ్మాచన్నా వీటికి దూరపు బంధువు. దానికి గాలి పీల్చే గదులు లేవు. మరుసటి ఏడాది దాన్ని వేరే కుటుంబంగా గుర్తించారు.

మట్టగిడస పాకిస్తాన్, భారత్, నేపాల్, శ్రీలంక, బంగ్లాదేశ్, మయన్మార్‌లలో విస్తరించి ఉంది.

ఆకారం

ఒళ్లు గుండ్రంగా, పొడవుగా ఉండి తోక వైపు కాస్త నొక్కుకుపోయి ఉంటుంది. తల వెడల్పు, దాని మీద పాము తలను తలపించే పెద్ద పొలుసులు ఉంటాయి. నోరు పెద్దది. రెండు దవడల్లోనూ పళ్లున్నాయి, కింది దవడలో కొన్ని కోరల్లా పొడుచుకొస్తాయి. వీపు రెక్క తల వెనక మొదలై తోక దగ్గరి దాకా ఒకే ఒరవడిలో సాగుతుంది. రెక్కలన్నిటిలో మెత్తని కిరణాలే తప్ప ముళ్లు లేవు. ఇంగిలాయి చేపను పట్టేటప్పుడు ఉండే ముల్లు భయం దీనితో లేకపోవడానికి కారణం ఇదే.

రంగు నీటిని బట్టి మారుతుంది. నాచు ఎక్కువున్న తేట నీటిలో ఆకుపచ్చ కలిసిన గోధుమరంగు, ఎర్రమట్టి కుంటలో పాలిపోయిన బూడిదరంగు కనిపిస్తాయి. పక్కల మీద అయిదారు నల్లని అడ్డపట్టీలు ఉంటాయి. జాతి పేరుకు కారణమైన నల్లచుక్కలు కొన్నిటికే ఉంటాయి, అన్నిటికీ ఉండవు.

కొర్రమీను పిల్లలను, పెరిగిన మట్టగిడసలను వేరుచేయడానికి నమ్మకమైన గుర్తు వీపు రెక్క కిరణాల లెక్క. మట్టగిడసలో అవి సుమారు 28 నుంచి 33. కొర్రమీనులో 37 నుంచి 46. పక్కగీత మీది పొలుసులు మట్టగిడసలో 40కి మించవు, కొర్రమీనులో 50 దాటుతాయి. సంతలో ఎవరూ కిరణాలు లెక్కపెట్టరు గనుక మట్టగిడస చిన్న కొర్రమీనుగా అమ్ముడుపోవడం మామూలే.

ఆవాసం: మేడ్చల్, శామీర్‌పేట

ఈ ప్రాంతం 2016 అక్టోబరు 11న ఏర్పడిన మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలో ఉంది. మేడ్చల్ నాగ్‌పూర్ వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి మీద, శామీర్‌పేట కరీంనగర్ వైపు వెళ్లే రాజీవ్ రహదారి మీద ఉన్నాయి. నేల సముద్రమట్టానికి అయిదారు వందల మీటర్ల ఎత్తులో, గుట్టలు, బండరాళ్లతో ఎగుడుదిగుడుగా ఉంటుంది. అడుగున ఉన్నది సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు, నైసు శిలలు. వాటి మీద ఎర్రనేలలు పలుచగా పరుచుకుని ఉంటాయి, పల్లాల్లో అక్కడక్కడ నల్లరేగడి చేరుతుంది.

గట్టి గ్రానైటు నీటిని తనలోకి ఎక్కువగా పోనివ్వదు. పగుళ్లలోకి, పైనున్న మొరంలోకి ఇంకినది పోగా మిగతా వాన నేల మీదే పారుతుంది. ఇక్కడ సహజ సరస్సులు లేవు. ఉన్నవన్నీ పల్లానికి అడ్డంగా కట్ట వేసి నిలిపిన చెరువులే. పై చెరువు నిండి మత్తడి దుంకితే ఆ నీరు ఒర్రెల వెంట కింది చెరువుకు చేరే గొలుసుకట్టు పద్ధతి కాకతీయుల కాలానికే తెలంగాణలో స్థిరపడింది. సికింద్రాబాద్‌కు సుమారు పాతిక కిలోమీటర్ల దూరంలో రాజీవ్ రహదారి పక్కనే కనిపించే శామీర్‌పేట పెద్దచెరువు ఈ ప్రాంతంలో అందరికీ తెలిసినది. చేపల దృష్టితో చూస్తే దానికంటె ఊరూరా ఉన్న పేరులేని కుంటలు, చెరువు నీట మునిగే శిఖం భూమిలోని గుంతలు, మత్తడి కింది మడుగులే ముఖ్యం. మట్టగిడస లోతు నీటి చేప కాదు. మోకాలి లోతు నీరు, అడుగున మెత్తని బురద, అంచున తుంగ, జమ్ము, తూటికాడలు ఉంటే అది దానికి చాలినంత చోటు.

పటాన్‌చెరులో 1972లో నెలకొన్న వ్యవసాయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ అధ్యయనాలు ఈ చుట్టుపక్కల భూములను పాక్షిక శుష్క ఉష్ణమండలంగా పరిగణిస్తాయి. ఏడాదికి సుమారు 750–800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అందులో అధికభాగం జూన్, సెప్టెంబరు మధ్య నైరుతి రుతుపవనాలదే. వాతావరణం పీల్చుకోగల తేమ మాత్రం ఏడాదికి పడే వానకు దాదాపు రెట్టింపు. కాలువతోనో మురుగుతోనో అదనపు నీరు చేరని కుంట వేసవికి నిలవకపోవడానికి ఈ లెక్కే కారణం.

చెరువులో ఒక ఏడాది

జూన్‌లో మొదటి వానలకు శిఖంలోని గడ్డి, పేడ, ఎండాకులు నీట మునిగి కుళ్లడం మొదలవుతుంది. కొత్తనీరు బురదగా ఉన్నా అందులో జీవం త్వరగా పుంజుకుంటుంది: ముందు సూక్ష్మజీవులు, వాటిని తినే నీటిపురుగులు, తర్వాత తోకకప్పలు. ఆగస్టు, సెప్టెంబరుల్లో మత్తడి పారితే పై చెరువుల చేపలు కిందికి, కింది చెరువుల నుంచి ఎదురీదగలిగినవి పైకి వెళ్తాయి. చేపల రాకపోకలకు ఏడాదిలో అనువైన అదను ఈ కొన్ని వారాలే. ఏ ఏడాది మత్తడి దుంకదో ఆ ఏడాది ప్రతి చెరువూ చేపకు ఒక మూసిన గది.

శీతాకాలంలో నీరు తేటపడి నాచు పెరుగుతుంది. ఫిబ్రవరి నుంచి మట్టం దిగజారుతుంది. తూము ద్వారా పొలాలకు వదిలినది కొంత, ఎండకు ఆవిరైనది కొంత, ఇంకినది కొంత. ఏప్రిల్, మే నెలల్లో పగటి వేడి 40 డిగ్రీలు దాటే రోజులుంటాయి. అప్పటికి పెద్ద చెరువులు కట్ట దగ్గరి లోతుకు కుదించుకుపోతాయి. కుంటలు బురదమడుగులవుతాయి, ఆ తర్వాత నెర్రెలిచ్చిన నేలగా మిగులుతాయి.

నీటి పరిమాణం తగ్గడం ఒక్కటే కాదు, ఉన్న నీటి గుణమూ మారుతుంది. 20 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరిగితే, 30 డిగ్రీల వద్ద అది సుమారు 7.5కు, 35 డిగ్రీల వద్ద 7కు పడిపోతుంది. ఇది నీరు గరిష్ఠంగా పట్టుకోగలిగిన మొత్తం. నిజంగా ఉండేది ఇంకా తక్కువ. రాత్రివేళ నాచు కూడా ప్రాణవాయువునే వాడుకుంటుంది, కుళ్లే ఆకు అలము మరింత లాగేస్తుంది. తెల్లవారుజామున మడుగులో ప్రాణవాయువు దాదాపు లేకుండా పోవచ్చు. బొచ్చె, రోహు వంటి చేపలు ఆ సమయంలో నీటిపైకి వచ్చి నోళ్లు తెరుస్తాయి. వాటికి అది ఆపద గుర్తు. మట్టగిడస పైకి వచ్చి నోరు తెరవడం మాత్రం రోజువారీ పని.

గాలి పీల్చే విధానం

లీటరు గాలిలో ప్రాణవాయువు సుమారు 210 మిల్లీలీటర్లు ఉంటుంది. వేసవి నీటిలో, అది నిండుగా కరిగి ఉన్నప్పుడు సైతం, లీటరుకు అయిదారు మిల్లీలీటర్లకు మించదు. గాలిని వాడుకోగలిగిన చేపకు ఒక గుక్కతో దొరికేది, నీటిని మాత్రమే వాడుకునే చేపకు ఎంతో శ్రమతో గాని దొరకదు.

మట్టగిడస తలలో మొప్పలకు పైన, కపాలానికి ఇరువైపులా రెండు గదులు ఉన్నాయి. వీటిని అధిమొప్ప కోష్ఠాలు అంటారు. గది లోపలి పొర అంతటా రక్తకేశనాళికలు దట్టంగా అల్లుకుని, చిన్నచిన్న గుత్తులుగా పైకి ఉబ్బి ఉంటాయి. మొదటి మొప్పతోరణం నుంచి, పక్కనున్న ఎముక నుంచి పెరిగిన మడతలు లోపలి వైశాల్యాన్ని పెంచుతాయి. మార్పు అనే చేపలో ఇదే పనిని చెట్టుకొమ్మల ఆకారపు అవయవం, ఇంగిలాయిలో వెన్ను వెంట తోక వైపు సాగిన పొడవాటి సంచులు చేస్తాయి. మూడు చేపలూ ఒకే బురదలో ఉన్నా, గాలి పీల్చే అవయవం ఒక్కోదానిలో ఒక్కో రకంగా విడివిడిగా రూపొందింది.

గుక్క వేయడంలో ఒక క్రమం ఉంది. గదిలో మిగిలిన పాతగాలిని ముందు తోసేయాలి. పక్కటెముకలతో ఛాతీని విస్తరింపజేసి గాలి లాగే ఏర్పాటు చేపకు లేదు. కనుక మొప్పల వైపు నుంచి నీటిని గదిలోకి ఎదురు పంపి ఆ ఒత్తిడితో పాతగాలిని నోటిలోకి, అక్కడి నుంచి బయటికి నెడుతుంది. ఆ వెంటనే నోరు తెరిచి కొత్తగాలిని తీసుకుంటుంది; నీరు మొప్పల గుండా జారిపోతుంది. చూసేవారికి కనిపించేది నీటి మీద ఒక బుడగ, క్షణంలో మాయమయ్యే మూతి.

ఒంట్లో తయారైన బొగ్గుపులుసు వాయువు అధికభాగం మొప్పల ద్వారా నీటిలోకే పోతుంది. అంటే తీసుకోవడం గాలి నుంచి, వదలడం నీటిలోకి. గాలి గదుల నుంచి వచ్చే శుద్ధరక్తం నేరుగా ఒంటికి వెళ్లక సిరల ద్వారా గుండెకే చేరి అక్కడ చెడురక్తంతో కొంత కలుస్తుంది. ఈ కలయికను తగ్గించే ఏర్పాటుగా చన్నా జాతుల్లో గుండె నుంచి బయలుదేరే ప్రధాన ధమని రెండుగా చీలి ఉంటుంది.

గాలి మీద ఇంతగా ఆధారపడటానికి చెల్లించే మూల్యమూ ఉంది. ఈ చేపలను వల అడ్డుపెట్టి నీటిపైకి రాకుండా ఆపితే ఊపిరాడక చనిపోతాయి. మద్రాసు సైన్యంలో వైద్యుడిగా వచ్చి భారత మత్స్యశాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా పనిచేసిన ఫ్రాన్సిస్ డే పందొమ్మిదో శతాబ్దంలోనే ఇలాంటి ప్రయోగాలు చేశాడు. 1875–78 మధ్య వెలువడిన ఆయన భారతీయ మత్స్యగ్రంథంలో మట్టచేపల వర్ణన వివరంగా ఉంది. ఈ అవయవాలు పిల్లచేపలో ఎలా ఏర్పడతాయో 1920ల చివర విస్తృత వ్యాసంగా రాసిన బి.కె. దాస్ ఆ తర్వాత హైదరాబాద్ ఉస్మానియా విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్ర ఆచార్యుడయ్యాడు. అదే విశ్వవిద్యాలయం నుంచి 1940లలో ఎస్. మహమూద్, ఎం. రహీముల్లా హైదరాబాద్ సంస్థానపు చేపల సర్వే చేసి బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో వరుసగా ప్రచురించారు.

బురదలో వేసవి

నీరు పూర్తిగా తగ్గినప్పుడు మట్టగిడస రెండు పనుల్లో ఒకటి చేస్తుంది. దగ్గరలో మరో మడుగు ఉండి నేల తడిగా ఉంటే, ముఖ్యంగా వాన పడిన రాత్రి, ఒళ్లు వంపులు తిప్పుతూ రొమ్ము రెక్కల ఆసరాతో గడ్డిలో కొంతదూరం పాకుతుంది. లేకపోతే బురదలోకి దూరుతుంది.

బురదలో అది చేసేదాన్ని నిజమైన దీర్ఘనిద్ర అనే ముందు కాస్త ఆలోచించాలి. ఆఫ్రికా ఊపిరితిత్తుల చేప ప్రోటోప్టెరస్ తన చుట్టూ జిగురుతో గూడు కట్టుకుని, జీవక్రియల వేగాన్ని బాగా తగ్గించుకుని, ఎండిన మట్టిలో నెలలు, కొన్నిసార్లు ఏళ్లు ఉండగలదు. మట్టగిడసకు అలాంటి గూడు లేదు. చర్మం మీది జిగురు, చుట్టూ బురదలోని తడి, పైకి మూతి చాపగలిగిన సందు, ఈ మూడూ ఉన్నంత కాలమే అది బతుకుతుంది. పైపొర నెర్రెలిచ్చినా కింద చల్లని తడి మిగిలే మెత్తని ఒండ్రు అందుకు అనువైనది. అడుగుదాకా గట్టిపడితే చేపా చస్తుంది.

మరో చిక్కు అమ్మోనియా. మామూలుగా చేపలు మాంసకృత్తుల వ్యర్థాన్ని అమ్మోనియాగా మొప్పల నుంచి నీటిలోకి వదిలేస్తాయి. నీరు లేనిచోట అది ఒంట్లోనే పేరుకుని విషమవుతుంది. ఇంగిలాయి, మార్పు ఆ పరిస్థితిలో దాన్ని కొంతవరకు యూరియాగా మార్చుకోగలవు. చన్నా ప్రజాతిలో చైనాకు చెందిన చన్నా ఏషియాటికా మీద జరిగిన పరిశోధనలో వేరే ఉపాయం కనిపించింది: అది అమైనో ఆమ్లాలను పూర్తిగా కాల్చకుండా అలనిన్ దగ్గర ఆపి, అమ్మోనియా పుట్టడాన్నే తగ్గించుకుంటుంది.

ఎడారి చేపలతో పోలిక

అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో డెవిల్స్ హోల్ అనే సున్నపురాతి బిలంలో సిప్రినోడాన్ డయాబోలిస్ అనే బుల్లి చేప ఉంది. 1930లో వర్ణితమైన ఈ జాతి సహజంగా ఆ ఒక్క గుంటలోనే నివసిస్తుంది. నీటి వేడి ఏడాది పొడవునా సుమారు 33 డిగ్రీలు. 2013 వసంతంలో లెక్కించినప్పుడు 35 చేపలే కనిపించాయి. ఎడారి మధ్య ఉన్నా ఆ గుంట ఎండదు. అక్కడి చేప నేర్చుకున్నది వేడిలో, తక్కువ ప్రాణవాయువులో, చాలీచాలని తిండితో బతకడం.

ఆఫ్రికా వానగుంటల్లోని నోతోబ్రాంకియస్ చేపల మార్గం ఇంకొకటి. గుంట ఎండగానే పెద్దచేపలన్నీ చనిపోతాయి, మట్టిలోని గుడ్లు మాత్రం మళ్లీ వాన వచ్చేదాకా నిలుస్తాయి. మట్టగిడస గుడ్లకు ఆ శక్తి లేదు. దక్కనులో వేసవి దాటవలసింది పెద్దచేపే. అందుకే ఏ గొలుసులోనైనా కనీసం ఒక్క చెరువులో తడి మిగలడం ఈ జాతికి అవసరం. తర్వాతి వానకాలపు చేపలు అక్కడి నుంచే విస్తరిస్తాయి.

ఆహారం, శత్రువులు

మట్టగిడస మాంసాహారి. నాచు చాటున కదలకుండా ఉండి దగ్గరికి వచ్చినదాన్ని ఒక్క దూకుతో అందుకుంటుంది. పిల్లలు నీటిలోని సూక్ష్మజీవులను, దోమ పిల్లపురుగులను తింటాయి. పెరిగినకొద్దీ తూనీగ పిల్లలు, చిన్న రొయ్యలు, వానపాములు, తోకకప్పలు, పరిగెల వంటి చిన్న చేపలు ఆహారమవుతాయి. ఇరుకైన మడుగులో తన జాతి పిల్లలను తినడమూ ఉంది.

దాన్ని తినేవి కొంగలు, నీటికాకులు, లకుముకి పిట్టలు, నీరుకట్టె పాములు, కొర్రమీను. గాలి కోసం పైకి రావలసిన ప్రతిసారీ పిట్ట కంటపడే ప్రమాదం ఉంది. ప్రాణవాయువు తగ్గేకొద్దీ గుక్కలు పెరుగుతాయి, మడుగు కుదించుకునేకొద్దీ పిట్టలూ ఎక్కువవుతాయి. వేసవి చివర మడుగుల చుట్టూ కొంగలు బారులు తీరడం ఇందుకే.

సంతానోత్పత్తి

ఏడాది వయసుకు, సుమారు 10–12 సెంటీమీటర్ల పొడవుకు చేప ఈడుకొస్తుంది. ఈ ప్రాంతంలో ప్రధాన గుడ్ల కాలం నైరుతి రుతుపవనాల తొలి నెలలు. కొత్తనీరు ఎక్కిన అంచుల్లో, గడ్డి మధ్య కొంత జాగా శుభ్రం చేసుకుని ఆడ, మగ జతకడతాయి. లేత పసుపురంగు గుడ్లలో నూనెబొట్టు ఉండటంతో అవి నీటిపైన తేలతాయి. అడుగుబురదలో ప్రాణవాయువు లేనిచోట తేలే గుడ్డుకే పిల్ల అయ్యే అవకాశం ఎక్కువ. వెచ్చని నీటిలో ఒకటి రెండు రోజుల్లో పిల్లలు బయటపడతాయి.

తొలి రోజుల్లో పిల్లలకు గాలి గదులు ఉండవు. అవి ఏర్పడేదాకా పలుచని చర్మం, మొప్పల మీదే ఆధారం. ఆ తర్వాత పిల్లలన్నీ గుంపుగా నీటిపైకి వచ్చి గుక్కలు వేస్తుంటే పైన సన్నని చినుకులు పడుతున్నట్టు కనిపిస్తుంది. తల్లిదండ్రులు, అందులో ముఖ్యంగా మగచేప, కిందే తిరుగుతూ కాపలా కాస్తాయి. కప్పలనూ ఇతర చేపలనూ తరుముతాయి. ఈ కాపలాయే వాటికి ముప్పు కూడా. గుంపును చూసిన వేటగాడు గాలం అక్కడే వేస్తాడు, కాపలా చేప దూరం పోకుండా దానికి తగులుకుంటుంది. దాంతో ఒక చేప పోవడంతో ఆగదు, ఆ గుంపు మొత్తం దిక్కులేనిదవుతుంది. వానకాలపు వేట మీద ఆంక్షలు పెట్టేటప్పుడు బొచ్చె, రోహు వంటి చేపల కంటె ఈ కుటుంబాన్నే ముందుగా పట్టించుకోవలసిన కారణం ఇది.

వ్యాధులు

అఫానోమైసిస్ ఇన్వాడాన్స్ అనే బూజు వల్ల వచ్చే పుండ్ల వ్యాధి మట్టచేపలకు ప్రధాన శత్రువు. ఇది 1988లో ఈశాన్య రాష్ట్రాల వైపు నుంచి భారతదేశంలోకి వచ్చి కొన్నేళ్లలోనే అంతటా వ్యాపించింది. నీరు చల్లబడే చలికాలంలో తీవ్రమవుతుంది. ఒంటి మీద ఎర్రమచ్చలు లోతైన పుండ్లుగా మారతాయి. కొర్రమీను, మట్టగిడస, పరిగెలు దీనికి తేలికగా లొంగుతాయి.

వేట, వాడుక (చూ. మత్స్య సహకార సంఘాలు, మృగశిర కార్తె)

తెలంగాణ చెరువుల్లో చేపల వేట ముదిరాజ్, గంగపుత్ర, బెస్త కులాల వృత్తి. ఊరి మత్స్య సహకార సంఘాలకు చెరువు మీద హక్కు ఉంటుంది. 2016–17 నుంచి రాష్ట్ర ప్రభుత్వం చెరువుల్లో ఉచితంగా చేపపిల్లలను వదలుతోంది. అవి ప్రధానంగా బొచ్చె, రోహు, మృగాల, బంగారుతీగ వంటివి. వేసవిలో వలలు లాగి వాటిని పట్టేస్తారు. మట్టగిడసను ఎవరూ వదలరు, తనంతట తనే ఉంటుంది. వల కింది నుంచి బురదలోకి జారుకునే చేప కనుక లోతు నీటిలో వలకు అంతగా చిక్కదు. మడుగు చివరి దశకు వచ్చాక ఊతలతో, చేతులతో తడిమి పడతారు. అప్పుడు దొరికేది ఇంటి కూరకే ఎక్కువ, అమ్మకానికి తక్కువ.

గాలి పీల్చే గుణమే దీని ధరకూ కారణం. కొద్దిపాటి నీరున్న బిందెలోనో తడిగోనెలోనో గంటల కొద్దీ బతికి ఉంటుంది కాబట్టి మంచు లేకుండానే సంతకు చేరుతుంది. కొర్రమీను విషయంలో ఇది ఇంకా స్పష్టం: హైదరాబాద్ రాంనగర్ మార్కెట్‌లో తొట్లలో ఈదుతుండగానే అమ్ముడవుతుంది. 2016లో తెలంగాణ రాష్ట్ర చేపగా ఎంపికైనదీ కొర్రమీనే. జూన్ రెండో వారం అటూఇటూగా వచ్చే మృగశిర కార్తె మొదటిరోజు తెలంగాణలో ఇంటింటా చేపకూర తినడం ఆనవాయితీ. అదే రోజు హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో బత్తిని కుటుంబం ఉబ్బసం రోగులకు ఇచ్చే చేప ప్రసాదంలో మందుతో కలిపి మింగించేది బతికున్న కొర్రమీను పిల్లనే. ఆ మందు పనిచేస్తుందన్న దానికి వైద్యశాస్త్ర ఆధారం లేదు. అంతమంది చేతుల్లో చిన్న ప్లాస్టిక్ సంచిలోని గుక్కెడు నీటిలో పిల్ల బతికి ఉండటానికి కారణం మాత్రం పైన చెప్పిన గదులే.

చేపల పెంపకందారుడి లెక్కలో మట్టగిడస పనికిరాని చేప. పెంపకపు చేపపిల్లలను తింటుంది కనుక నర్సరీ కుంటల్లో పిల్లలను వదలడానికి ముందు దాన్ని నిర్మూలించమని సాంకేతిక సలహాలు చెబుతాయి. అందుకు వాడేది ఇప్పచెక్క: హెక్టారు కుంటకు మీటరు లోతు నీటికి సుమారు 2,500 కిలోలు. అందులోని సాపోనిన్లు చేపలను చంపుతాయి, తర్వాత ఆ చెక్కే ఎరువవుతుంది. బురదలో దాక్కున్నది ఈ మందుకూ కొన్నిసార్లు తప్పించుకుంటుంది.

ప్రయోగశాలలో

భారత విశ్వవిద్యాలయాల జంతుశాస్త్ర విభాగాల్లో ఎక్కువగా వాడిన చేపల్లో మట్టగిడస ఒకటి. తేలికగా దొరుకుతుంది, తొట్టిలో బతుకుతుంది. క్రోమోజోములు 32 మాత్రమే, పెద్దవి. అందువల్ల పురుగుమందులు, భారలోహాలు కణాల్లో కలిగించే నష్టాన్ని సూక్ష్మదర్శినిలో పరిశీలించడం సులువు. కొర్రమీనులో ఈ సంఖ్య 40. కలుషిత నీటి ప్రభావం తెలుసుకోవడానికి మట్టగిడస రక్తకణాల్లో ఏర్పడే సూక్ష్మకేంద్రకాలను లెక్కించే పద్ధతి వాడుకలో ఉంది.

ఆవాస మార్పులు, పరిరక్షణ స్థితి

అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ఎర్రజాబితాలో మట్టగిడస ఆందోళన అవసరం లేని జాతుల వరుసలో ఉంది. విస్తృతి దృష్ట్యా అది సరైనదే. ఒక్కో చెరువు గొలుసు సంగతి వేరు.

శామీర్‌పేట వైపు 1999లో మొదలైన జీవసాంకేతిక పరిశ్రమల కేంద్రం జీనోమ్ వ్యాలీ, మేడ్చల్ పారిశ్రామికవాడ, 158 కిలోమీటర్ల అవుటర్ రింగురోడ్డు ఈ పల్లెలను నగరంలో కలిపేశాయి. కట్ట మిగిలినా వరదనీరు తెచ్చే ఒర్రెలు ప్లాట్ల కింద పోయినచోట చెరువు గొలుసు తెగింది. కుంటలు, శిఖం గుంతలు పూడిపోవడం పెద్ద చెరువు తగ్గడం కంటె మట్టగిడసకు ఎక్కువ నష్టం, అది గుడ్లు పెట్టేదీ పెరిగేదీ అక్కడే గనుక. నడక బాట కోసం అంచున రాతి గోడ కట్టిన చెరువులో నీరు నిండుగా కనిపిస్తుంది, గడ్డి మొలిచే మెత్తని అంచు ఉండదు.

మురుగు విషయం కాస్త చిక్కు. మురుగు చేరిన చెరువు వేసవిలోనూ ఎండదు. ప్రాణవాయువు లేని ఆ నీటిలో గాలి పీల్చే చేపలకు మిగతావాటి మీద పైచేయి ఉంటుంది. అంతమాత్రాన అది మంచి ఆవాసమని కాదు. గాలి గదులు ప్రాణవాయువు కొరతను తీరుస్తాయే గాని మొప్పల ద్వారా లోపలికి వచ్చే అమ్మోనియాను, రసాయనాలను ఆపలేవు. పైగా అలాంటి నీటిలో 1952లో దేశంలోకి తెచ్చిన తిలాపియా, 2000లోనే నిషేధించినా దొంగచాటుగా పెంచుతున్న ఆఫ్రికా క్యాట్‌ఫిష్ దానికి పోటీ వస్తాయి. రెండోది గాలీ పీల్చగలదు, పరిమాణంలోనూ చాలా పెద్దది.

2015 మార్చిలో మొదలైన మిషన్ కాకతీయ కింద రాష్ట్రంలోని 46 వేలకు పైగా చెరువుల పూడికతీత లక్ష్యంగా పెట్టుకున్నారు. తీసిన ఒండ్రు పొలాలకు బలమైన ఎరువు. చెరువుకు నీటి నిలువ పెరిగింది. అడుగు బురదను ఒకేసారి గట్టినేల దాకా తోడిన కుంటలో మాత్రం వేసవి దాటవలసిన చేపకు తలదాచుకునే చోటు ఉండదు. చెరువులో లోతైన భాగంలో కొంత బురదను, ఒక మడుగును వదిలేయడం ఇందుకు సులువైన మార్గం.

చట్టపరంగా చెరువుల రక్షణకు 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం ఉంది. నగరంలోనూ అవుటర్ రింగురోడ్డు లోపలి ప్రాంతాల్లోనూ చెరువుల ఆక్రమణల తొలగింపు కోసం 2024 జూలైలో హైడ్రా అనే ప్రభుత్వ సంస్థ ఏర్పడింది. ఈ ఏర్పాట్లలో హద్దుగా తీసుకునేది చెరువు నిండినప్పటి నీటిమట్టం, అంటే ఎఫ్‌టీఎల్. మట్టగిడస వానకాలంలో గుడ్లు పెట్టే పలుచని నీటి అంచు సరిగ్గా ఆ గీత లోపలే, ఏడాదిలో ఎక్కువ కాలం ఎండిన నేలగా కనిపించే చోట ఉంటుంది. ఆక్రమణలు మొదలయ్యేదీ అక్కడి నుంచే.